తెలిసేదాకా మైల లేదు

చనిపోయిన మా అవ్వ గొంతు నేను మళ్ళీ విన్నది ఒక శుక్రవారం మధ్యాహ్నం. బేతంచెర్లలో మా ఇంటి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. నడవలో ఎవరో గొంతు సవరించుకున్నారు. వెంటనే, "ఊఁ, చెప్పు మే. తింటివా?" అన్న మాట వినిపించింది. ఫోన్లో ఎవరితో మాట్లాడినా అవ్వ మొదటి మాట అదే. నా చేతిలోని పళ్ళెం జారి బండల మీద పడింది. అవ్వ దినాలు అయిపోయి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు.

తడి చేతులతోనే వచ్చి చూశాను. మంచం మీద మా అమ్మ కూర్చుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఫోను చెవికి అదిమిపెట్టుకుని, అవ్వలాగా మాట్లాడుతోంది. అవ్వలాగా మధ్యమధ్య దగ్గుతోంది. పళ్ళెం చప్పుడుకు కళ్ళు తెరిచి, మాట్లాడొద్దని నాకు చేత్తో సైగ చేసింది. ఆ సైగ నాకు అవసరం లేదు. నేను మామూలుగానే మాట్లాడను.

అవతల ఉన్నది మా చిన్నమ్మ, అమ్మకు ఒక్కతే చెల్లెలు. కువైట్‌లో ఒకరి ఇంట్లో వంట పని చేస్తుంది. ఆమె భర్త, మా చిన్నాయన, మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని చేస్తాడు. గనులకు దగ్గర్లోనే వాళ్ళ ఊరు. చిన్నమ్మ విమానం ఎక్కిన నాటి నుంచి అవ్వ వాళ్ళింట్లోనే ఉండి చిన్నమ్మ కూతుర్ని పెంచింది. నాకంటే చిన్నదైన ఆ చెల్లెలికి తల్లి ఫోన్లో ఉండేది, అవ్వ పక్కలో ఉండేది.

ఎండాకాలంలో వడదెబ్బ తగిలి అవ్వ పోయింది. అప్పటికే చెల్లెలికి సంబంధం కుదిరింది. పెళ్ళికి చిన్నమ్మ సెలవు మీద రావాల్సి ఉంది. "వచ్చినాక ఎదురుగా కూకోబెట్టుకోని చెప్దాం" అన్నాడు చిన్నాయన. "ఫోన్లో చెప్తే ఆ పరాయోళ్ళ వంటింట్లో దాన్ని పట్టుకునేదానికి ఎవురుండారు?" ఆ మాటకు అందరూ ఒప్పుకున్నారు. మా తాత పోయినప్పుడు ఫోన్లోనే చెప్పారు. పొయ్యి ముందు నిలబడి విన్న చిన్నమ్మ అక్కడే పడిపోయింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ ఆమెకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి అవ్వ బతికే ఉంది. కర్నూలులో కంటి ఆపరేషన్ చేయించుకుని బేతంచెర్లలో మా ఇంట్లో ఉంది. ఫోను వెలుగు చూడకూడదని డాక్టరు చెప్పాడు కనుక వీడియో కాల్లోకి రాదు. చిన్నమ్మ ఫోను చేసేది అక్కడ సెలవు రోజైన శుక్రవారం. మొదటి రెండు శుక్రవారాలు మా మాటే నమ్మింది. మూడోసారి, "చూడద్దంటే చూడద్దులే, మాట్లాడేదానికేం, నోటికి గూడా ఆపరేషనా?" అని నిలదీసింది. అప్పుడు అమ్మ ఫోను తీసుకుని గొంతు సవరించుకుంది. నేను విన్నది అదే.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అవ్వ మా ఇంట్లో మాట్లాడేది. కుడి కన్ను అయిపోయింది, ఎడమ కన్ను మొదలైంది. "రెండు కండ్లూ అయిపాయ. ఇంగేం చెప్పల్లబ్బా?" అంది అమ్మ ఒకరోజు, బియ్యం ఏరుతూ. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక ఎవరి గదిలోకి వాళ్ళం వెళ్ళిపోయాం. రాత్రి పడుకునే ముందు నేను రోజూ డైరీ రాస్తాను. శుక్రవారాల పేజీల్లో మాత్రం వాన పడిందా లేదా అన్నదే రాసేదాన్ని.

పెళ్ళి దగ్గర పడింది. చిన్నమ్మ పని చేసే ఇంట్లో ముసలావిడ మంచాన పడింది. ఇప్పుడు సెలవు కుదరదు అన్నారట. ఆ రోజు ఫోన్లో చిన్నమ్మ ఏడవలేదు. "లైవ్ పెడతారంట కదా, ఈడ మా పక్కింట్లో ఒగామె అట్లే చూసింది కూతురు పెండ్లి. నాకూ అట్ల పెట్టండి" అంది. అమ్మ నా వైపు చూసింది. "అది నువ్వు చూసుకో పాపా. నువ్వెట్లాగూ నలుగురిలోకి రావు. ఆ కెమెరా కాడ నిలబడు."

అట్లా ఆ పని నాకు వచ్చింది. ఇంకో పని కూడా వచ్చింది. పెళ్ళికి అవ్వ కట్టుకోవాల్సిన చీరను చిన్నమ్మ తానే ఎంచుతానంది. కడపలో బట్టల అంగడికి వెళ్ళి ఫోను పట్టుకుని నిలబడ్డాను. అంగడతను ఒక్కొక్క చీర పరుస్తుంటే కువైట్ నుంచి చిన్నమ్మ, "అది గాదు, దానెనకది. ఆఁ, ఆ వంగపండు రంగు. మాయమ్మకు ఆ రంగంటే ప్రాణం. అంచు దగ్గరికి పెట్టు పాపా" అంటోంది. పెట్టాను. "అవ్వ జాకిట్టు కొలతకుండాదా ఇంట్లో?" అని అడిగింది. ఉందన్నాను. "కుట్టేటోనికి ఈ పొద్దే ఇయ్యి. పెండ్లిలో మాయమ్మ ఈ చీర కట్టుకోని కూకుంటే చూడల్ల నేను." అంగడతను నా ముఖం చూసి చీర పరచడం ఆపాడు. "కూకో పాపా, నీళ్ళు తాగుతావా?" అన్నాడు.

పెళ్ళికి ముందు రోజు అందరం మంగంపేట దగ్గర చిన్నాయన ఇంటికి చేరాం. ఇంటి ముందు పందిరి. లారీలు పోయినప్పుడల్లా లేచే తెల్లటి దుమ్ము పందిరి ఆకుల మీద పడి వాటిని బూడిద రంగుకు తెచ్చింది. లోపల చిన్నాయన మేనత్త అన్నిటికీ పెద్దరికం వహించి ఉంది. ఎనభై దాటి ఉంటాయి, పళ్ళు ఒక్కటీ లేవు, మాట మాత్రం గట్టిది. ఆమె చుట్టూ కూర్చుని పెద్దవాళ్ళు రేపటి సంగతి మాట్లాడుకున్నారు. చిన్నమ్మకు ఎప్పుడు చెప్పాలన్నదే వాళ్ళ మాట.

"తాళి పడేదాకా దానికి తెలీగూడదు" అంది ముసలి మేనత్త. "తెలిసెనా, తల్లి చావు విన్న కూతురికి మైల. తలకు పోసుకోవల్ల, మూడు దినాలు ఏ శుబానికీ చెయ్యి పెట్టగూడదు. బిడ్డకు అక్షింతలు గూడా ఏసేదానికి ల్యా."

"పోయి ఇన్ని నెల్లాయ కదత్తా" అన్నాడు చిన్నాయన. "ఇంగా మైలేంది?"

"పోయినప్పట్నించి గాదురా, ఇన్నప్పట్నించి. తెలీనోళ్ళకు మైల ల్యా. తెలిస్తేనే మైల."

నేను గోడకు ఆనుకుని వింటున్నాను. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. చావు ఎండాకాలంలోనే జరిగిపోయింది. అవ్వ లేదు. కానీ చిన్నమ్మ ఉన్న చోటికి మాత్రం ఆ చావు ఇంకా చేరలేదు. అది మా అందరి నోళ్ళలో ఆగి ఉంది. తాళి కట్టే దాకా దాన్ని ఇట్లాగే పట్టుకుని ఉంటే ఆమె తన కూతురికి ఫోన్లో నుంచైనా అక్షింతలు వేయగలదు. కూతురి పెళ్ళిలో ఆమెకు మిగిలింది ఆ ఒక్కటే. పెళ్ళి అయ్యాక, ఆ రాత్రికి, కువైట్‌లో ఉండే మన ఊరి ఆడవాళ్ళు ఇద్దరిని ఆమె దగ్గరికి పంపి అప్పుడు చెప్పాలని నిర్ణయించారు.

"కెమెరాలో అవ్వ ఊసు రాకుండా చూసుకోవల్ల పాపా" అంది అమ్మ నాతో.

తెల్లవారకముందే పెద్దలకు పెట్టారు. మా వైపు ఏ పెళ్ళిలోనైనా మొదట పోయినవాళ్ళకే కొత్త బట్టలు. దాచి ఉంచిన అవ్వ పటాన్ని ట్రంకు పెట్టెలో నుంచి తీసి, తాత పటం పక్కన పీట మీద నిలబెట్టారు. అద్దం మీద పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేశారు. దీపం, సాంబ్రాణి, ఓళిగలు, పప్పు. తాత ముందు పంచె మడత. అవ్వ ముందు మాత్రం ఇంకా ఏ చీరా పెట్టలేదు. చెల్లెలు, పెళ్ళికూతురు, లోపలికి వెళ్ళి వంగపండు రంగు చీర తెచ్చి అవ్వ పటం ముందు పెట్టింది. "అమ్మ ఎంచింది. అవ్వకే కదా" అంది. కొంగు చివర జాకెట్టు గుడ్డ ఇంకా కత్తిరించకుండా చీరతోనే ఉంది.

పెళ్ళికి కుదుర్చుకున్న వీడియో అన్న అప్పటికే వచ్చి ఇదంతా తీస్తున్నాడు. ఎవరినైనా పలకరించాలంటే నేను లోపల రెండు మూడుసార్లు చెప్పుకుని చూసుకోవాలి. అట్లా చెప్పుకుని దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఇది లైవ్‌లో పోతాందా?" అని అడిగాను.

"ల్యా మేడమ్, ఇది ఉత్త రికార్డింగే. లైవ్ మండపంలోనే" అన్నాడు. అది నిజమే. ఆ క్షణానికి నిజమే.

పెట్టుకున్నాక పటం మళ్ళీ పెట్టెలోకి పోయింది. అందరం కళ్యాణమండపానికి బయలుదేరాం.

మండపంలో వీడియో అన్న వేదికకు ఎదురుగా పెద్ద కెమెరా నిలబెట్టి, వెనక మూలలో ఒక బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. లింకు నాకు పంపాడు, నేను చిన్నమ్మకు పంపాను. వస్తోందో లేదో చూద్దామని కెమెరా ముందు చేయి ఎత్తాను. నా ఫోన్లో ఖాళీ వేదిక కనిపించింది, చేయి లేదు. విసిగి చేయి దించేశాను. అప్పుడు ఫోన్లో నా చేయి లేచింది. "కొంచెం ఎనకమాల వస్తాది మేడమ్, కంగారు పడొద్దు" అన్నాడు అన్న మూల నుంచి. జరిగిపోయినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చూపిస్తుందన్నమాట. దానికి లైవ్ అని పేరు.

మనకు పొద్దెక్కే వేళకు వాళ్ళకు అప్పుడే తెల్లవారుతుంది. చిన్నమ్మ నుంచి మాటలు రికార్డయి వచ్చాయి. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. "వస్తాంది పాపా, బాగ కనపడతాంది. ఈడ ఇంగా ఎవురూ లేయలే. బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకున్యా ఫోను. పసుపు కలిపి అక్షింతలు గూడా చేసుకున్యా, వాళ్ళ బాసుమతి బియ్యంతో." నవ్వింది. "మాయమ్మ యాడ? చీర కట్టించినారా?"

"జనంలో ఉక్కపోస్తాందని లోపల గదిలో కూర్చుంది చిన్నమ్మా. తాళి కట్టేటప్పుడు తీసుకొస్తాం" అని రాసి పంపాను. నోటితో అయితే చెప్పగలిగేదాన్ని కాదు. రాయడం నాకు ఎప్పుడూ సులువే.

ఆ పొద్దుటంతా నేను కెమెరా పక్కనే నిలబడ్డాను. దాని చూపు ఎటు తిరిగితే అటు చూశాను. వేదిక మీద గౌరీపూజ జరుగుతోంది. ఎవరో ఒకామె వచ్చి, "పెద్దామె ఉండింటే..." అని కెమెరా ముందే మొదలుపెట్టింది. ఆమె కొంగు పట్టుకుని పక్కకు లాగాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, "ఈ పిల్ల మూగదనుకుంటి, మొరటుది గూడా" అంది. నాకు బాధ కలగలేదు. ఒక గండం తప్పించానని లోపల పొంగిపోయాను.

పూజ అయిపోయింది. చెల్లెలు ముహూర్తం చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. వేదిక మీద ఎవరూ లేరు. అరటి బోదెలు, రెండు ఖాళీ కుర్చీలు, ఒక చెంబు. కెమెరా వాటినే చూస్తోంది. ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరి వదిలి, చిన్నమ్మకు ఎట్లా కనిపిస్తోందో చూద్దామని ఫోను తెరిచాను.

ఫోన్లో వేదిక లేదు. దీపం ఉంది. సాంబ్రాణి పొగ ఉంది. వెనక వీణ సంగీతం మెల్లగా వస్తోంది. పొగలో నుంచి కెమెరా నెమ్మదిగా ముందుకు జరిగింది. తాత పటం. పంచె. ఆ తర్వాత బంతిపూల దండ. అద్దం మీద కుంకుమ. దాని వెనక అవ్వ ముఖం, ఎప్పుడూ నవ్వబోయి ఆగినట్టుండే ఆ ముఖం. కెమెరా అక్కడ ఆగి, కిందికి దిగింది. వంగపండు రంగు చీర.

తలెత్తి ఎదురుగా ఉన్న కెమెరాను చూశాను. అది ఇంకా ఖాళీ కుర్చీలనే చూస్తోంది. కాసేపు నాకు ఏదీ అర్థం కాలేదు. ఈ కెమెరా చూడనిది ఆ ఫోన్లోకి ఎట్లా వచ్చింది? ఇన్ని గంటలు నేను దేనికి కాపలా కాశాను?

మూలలో బల్ల దగ్గరికి పరుగెత్తాను. మనుషుల కాళ్ళు తొక్కాను. "అన్నా, తీసెయ్! తీసెయ్ అది!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అతను బెదిరిపోయి ఏదో నొక్కాడు. "ఏమాయ మేడమ్? ఖాళీ స్టేజి చూపిస్తే చూసేటోళ్ళు లేచిపోతారు. మధ్యలో గ్యాప్ వచ్చినప్పుడు పొద్దున తీసిండేది ఏస్తాం. ఎప్పుడూ అట్లే చేస్తాం. సెంటిమెంటు బాగుండాది కదా?"

అతని తప్పేమీ లేదు. అవ్వ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేను అడిగినదానికి ఉన్నదే చెప్పాడు. అతని తెరమీద ఇప్పుడు ఖాళీ వేదిక ఉంది. కానీ నా చేతిలోని ఫోన్లో అవ్వ ఇంకా ఉంది. ఇక్కడ ఆపేసినా అక్కడ ఆగలేదు. పొగ, దండ, చీర, దాని కొంగు చివర కత్తిరించని జాకెట్టు గుడ్డ, చీర మీద పసుపు చుక్క. వెనకమాల వస్తుందన్న ఆ కొంచెంసేపు నేను ఏమీ చేయలేక చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఖాళీ కుర్చీలు వచ్చాయి. వెంటనే ఫోను మోగింది. చిన్నమ్మ.

మండపం వెనక, వంటవాళ్ళు గుండిగలు కడిగే చోట, నీళ్ళ తొట్టి పక్కకు వెళ్ళి ఎత్తాను.

"పాపా."

"చిన్నమ్మా."

అవతల కుళాయి కారుతున్న చప్పుడు వచ్చింది.

"ఎప్పుడు మ్మా?"

"ఎండాకాలంలో."

"ఎండాకాలంలో" అంది ఆమె, ఆ మాట ఏ భాషో తెలియనట్టు. "అయితే ఇన్నాళ్ళూ శుక్రారం శుక్రారం నాతో మాట్లాడిందెవురు?"

అబద్ధం చెప్పాలని కూడా తోచలేదు. "అమ్మ" అన్నాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. పడిపోతుందనుకున్నాను. పొయ్యి దగ్గర ఉందేమోనని, "చిన్నమ్మా, పొయ్యి ఆర్పినావా?" అన్నాను. అవతల నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపనుకున్నాను. కాదు, నవ్వింది. దానికి నేను ఎక్కువ భయపడ్డాను.

"మాయక్క సిన్నప్పుడు గూడా అంతే. చీకట్లో మాయమ్మ మాదిరి పిలిచి నన్ను భయపెట్టేది." నవ్వు అక్కడ తెగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. "తాళి కట్టేసినారా?"

"ఇంకా లేదు. చెల్లెలు చీర మార్చుకుంటోంది."

"దానికి తెలుసునా, నేను చూసినానని?"

"ఎవరికీ తెలీదు. ఇక్కడున్నోళ్ళు ఫోన్లో చూడరు కదా."

"అయితే నీకూ నాకే."

"ఊఁ."

"నీకు మాట్లాడేదే రాదు కదా పాపా. ఈ పొద్దు గూడా మాట్లాడొద్దు." ఆమె గొంతు మారింది. కూలీలకు పని చెప్పే మనిషి గొంతులా అయింది. "ఆ ముసల్దానికి తెలిసిందా, నన్ను నా బిడ్డకు అక్షింతలు ఏయనీదు. ఇన్నావు గాబట్టి మైల అంటాది. నేను పోయి తలకు పోసుకోని వస్తా. అంతవరకూ తాళి కట్టనియ్యొద్దు. ఆపు."

"నేనా?" అన్నాను. ఫోను అప్పటికే కట్ అయిపోయింది.

ఆ తొట్టి దగ్గర ఎంతసేపు నిలబడిపోయానో, వేదిక దగ్గరికి వచ్చేసరికి చెల్లెలు పీటల మీద కూర్చుని ఉంది. జీలకర్ర బెల్లం అయిపోయింది. అయ్యవారు మంగళసూత్రం ఉన్న పళ్ళాన్ని అందరికీ తాకించి తెమ్మని పంపుతున్నాడు. వేదిక మెట్లు ఎక్కాను. జీవితంలో నేను ఎక్కిన మొదటి వేదిక అది. మైకు ఆన్‌లో ఉందని తెలియదు.

"చిన్నమ్మ ఇంకా రాలేదు. ఆపండి" అన్నాను. నా మాట మండపమంతా వినిపించింది. అన్నం తింటున్నవాళ్ళు కూడా పంక్తిలో నుంచి తల తిప్పి చూశారు.

"నెట్‌వర్క్ వచ్చేదాకా ముహూర్తం నిలబడుతుందా తల్లీ?" అన్నాడు అయ్యవారు.

చెల్లెలు తల పైకెత్తకుండానే, "మాయమ్మ వచ్చేదాకా నేను కట్టించుకోను" అంది. పెళ్ళికొడుకు ఆమెను ఒకసారి, అయ్యవారిని ఒకసారి చూసి, "ఇంగో రెండు మంత్రాలు ఎక్కువ చెప్పు సామీ, మాకేం కష్టం ల్యా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో నేను ఫోను పట్టుకుని నిలబడి, కువైట్‌లో ఎవరిదో స్నానాల గదిలో ఒక మనిషి నెత్తిన నీళ్ళు పోసుకుంటూ ఉండడం ఊహించుకుంటున్నాను. చప్పుడు బయటికి రాకుండా ఏడవాలంటే అంతకంటే మంచి చోటు ఆమెకు లేదు.

వీడియో కాల్ వచ్చింది. ఫోను అందరికీ కనిపించేటట్టు పెళ్ళికూతురి పక్కన కుర్చీలో నిలబెట్టాను.

చిన్నమ్మ పట్టుచీర కట్టుకుని ఉంది. బొట్టు పెద్దగా పెట్టుకుంది. వెంట్రుకలు ముడివేసింది కానీ నీళ్ళు చెవుల పక్క నుంచి మెడ మీదికి కారుతున్నాయి. నవ్వుతోంది.

ముసలి మేనత్త ఫోను మీదికి వంగింది. "ఏం మే, ఇంతసేపూ యాడ పోతివి? తలంతా తడి తడి ఉండాది, ఏంది కత?"

నేను ఫోను పక్కకు తిప్పబోయాను.

"ఈడ నీ మాదిరి పందిట్లో గాలికి కూకోలే అత్తా నేను. ఉక్క చస్తాంది. బిడ్డ పెండ్లికి తలకు పోసుకోకుండా ఎట్లొస్తా?" అంది చిన్నమ్మ, రెప్ప వేయకుండా.

"అట్లయితే సరే" అంది ముసలామె. "నూనె పెట్టుకోని పోసుకోవల్ల, చూడు ఎట్ల పీచు మాదిరుండాదో."

మేళం గట్టిగా అందుకుంది. తాళి కట్టాడు. అందరూ అక్షింతలు వేశారు. ఫోన్లో చిన్నమ్మ పిడికిలి ఎత్తి, తన ముందున్న ఫోను మీదికే విసిరింది. మాకు ఇక్కడ తెరంతా పచ్చటి గింజలు పెద్దవై వచ్చి, తాకి, కిందికి రాలాయి. చెల్లెలు తెలియకుండానే తల వంచింది. ఆ గింజలు రాలిన తర్వాత చిన్నమ్మ ముఖం మళ్ళీ కనిపించింది. ఇంకా నవ్వుతూనే ఉంది. నేను మాత్రం ఆ నవ్వును చూడలేక వేదిక కింద చెప్పుల కుప్పను చూశాను. చిన్నమ్మకు మైల తగిలింది. అది మండపంలో ఉన్నవాళ్ళలో నా ఒక్కదానికే తెలుసు. నేను నోరు తెరవనంతవరకు అది లేనట్టే.

జనం భోజనాలకు కదిలారు. అప్పుడు చిన్నమ్మ ఫోన్లో నుంచి పిలిచింది. "అక్కా, ఫోను అమ్మకియ్యి. ఒగ మాట మాట్లాడల్ల."

అమ్మ నా వైపు చూసింది. ఇంకొక్కసారి, ఈ ఒక్కసారి అన్నట్టు ఉంది ఆ చూపు. రాత్రికి ఎట్లాగూ చెప్పేస్తారు. చెప్పొద్దన్నది చిన్నమ్మ. దాచమన్నది అమ్మ. ఇద్దరి మధ్యా నేను ఫోను మాత్రం అందించాను.

అమ్మ పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను. తలుపు వేసి, పరుపు మీద కూర్చుని, ఫోను కెమెరాకు బొటనవేలు అడ్డం పెట్టింది. కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకుంది.

"ఊఁ, చెప్పు మే. తింటివా?"

ఇన్ని నెలల్లో అవ్వ గొంతు ఎన్నోసార్లు విన్నాను. అవతల ఉన్న మనిషికి నిజం తెలిసి వినడం ఇదే మొదటిసారి. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, తెరమీద చిన్నమ్మ కూడా కళ్ళు మూసుకోవడం నేను ఒక్కదాన్నే చూశాను.

"బిడ్డ పెండ్లి అయిపాయ మా" అంది చిన్నమ్మ.

"అయిపాయ. బాగ జరిగె. పెండ్లికొడుకు మంచోని మాదిరుండాడు."

"నేను రాల్యాకపోతినని కోపమా?"

"కోపమేంది మే. వచ్చేదుంటే రావా నువ్వు?"

"చీర కట్టుకుంటివా?"

"కట్టుకున్యా."

"బాగుండాదా?"

"శానా బాగుండాది."

"జాకిట్టు గూడా కుట్టించకుండా పెట్టిరి కదా" అంది చిన్నమ్మ, మెల్లగా.

అమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. ఆ ముఖాన్ని నేను ఎట్లా రాయాలో ఇప్పటికీ తెలియదు. నోరు అవ్వ మాటకు సిద్ధమై సగం తెరుచుకుని, అట్లాగే ఉండిపోయింది. బొటనవేలు కెమెరా మీద నుంచి జారిపోయింది. అక్కాచెల్లెళ్ళు ఒకరికొకరు కనబడ్డారు. ఒకరికి తడి వెంట్రుకలు, ఒకరికి చెమట. అమ్మ నా వైపు తిరిగింది. నీకు తెలుసునా అని అడగలేదు, నా ముఖం చూస్తే చాలు. మళ్ళీ ఫోను వైపు తిరిగి, తన సొంత గొంతుతో, "మే..." అంది.

"ఆపొద్దు" అంది చిన్నమ్మ.

"ఏంది?"

"ఆపొద్దక్కా. నీ మాట వద్దు నాకు. నీతో రాత్రికి కొట్లాడుతా. ఇప్పుడు మాయమ్మ మాదిరి మాట్లాడు." ఆమె గొంతు ఇప్పుడు వణికింది, వేదిక ముందు ఒక్కసారి కూడా వణకని గొంతు. "నేనడగల్ల. పోయేటప్పుడు నన్ను తలుచుకున్యాదా, ఏమన్న్యాదీ నేను అడగల్ల. మాయమ్మనే అడగల్ల."

బయట ఎవరో తలుపు తట్టి, పెళ్ళికూతురి పెట్టె కావాలన్నారు. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

అమ్మ తెరను చూసింది. తర్వాత బొటనవేలిని మళ్ళీ కెమెరా మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకుంది, ఒకసారి కుదరలేదు, మళ్ళీ సవరించుకుంది.

"ఊఁ" అంది అవ్వ. "అడుగు మే."